ఆయ్ అంటే అర్థం కాని అమ్మాయి

మా మావయ్యగారు ఫోనుతో మాట్లాడటం మొదలుపెట్టిన మొదటి రోజు, ఇంటికి చుట్టాలెవరో వచ్చారనుకుని నేను తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ హాల్లోకి పరిగెత్తాను. చుట్టాలెవరూ లేరు. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని, "అమ్మా, మీకు తీరికైతేనే సుమండీ, తొందరేం లేదు. పట్టిసీమలో మా అక్కగారున్నారు. వారికి ఒకసారి కలుపుతారా అండి?" అంటున్నారు. ఆ మర్యాదంతా ఫోన్లోంచి పలికే అమ్మాయి గొంతుకి.

ఆ అమ్మాయి సాంతం విని, "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అంది.

"అయ్యయ్యో, క్షమించడాలేంటమ్మా, అంత పెద్ద మాటలు!" అని మావయ్యగారు నొచ్చుకున్నారు.

అసలు ఈ ఫోను మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలి. మావయ్యగారు రాజమండ్రిలో ఒక బట్టల కొట్లో ఉద్యోగం మొదలుపెట్టి, అదే కొట్లో రిటైరయ్యారు. జీవితమంతా కౌంటరు వెనక నిలబడి చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడత పెట్టిన మనిషి. ఆయన దగ్గర బేరం కుదరకపోయినా జనం నవ్వుకుంటూ వెళ్ళేవారట. "ఈ రంగు మీకు బాగుంటుందని నేననను అండి, అద్దం అంటుంది" అనేవారట. ఏమీ కొనకుండా లేచిన వాళ్ళని కూడా "మళ్ళీ రండమ్మా, చూడటానికైనా రండి" అని గుమ్మందాకా సాగనంపేవారట. కొట్టు వదిలినా ఆ మర్యాద ఆయన్ని వదల్లేదు. పాలవాణ్ణి అండి అంటారు. గేటు దగ్గర అరిచే కుక్కని "కాస్త పక్కకి జరుగుతారా" అంటారు. మా పెళ్ళైన దగ్గర్నుంచి నన్ను ఒక్కసారి కూడా "నువ్వు" అనలేదు.

నాకిది వింతగా ఉండేది. మాది తుని. హైవే మీద లారీల హారన్ల మధ్య పెరిగిన వాళ్ళం. మెల్లిగా మాట్లాడితే పక్కనున్న వాళ్ళకి కూడా వినపడదు. మా ఇంట్లో "రా", "తే", "తిను", "పో" అన్న నాలుగు మాటలతో రోజు గడిచిపోయేది. పైగా నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. అక్కడ "కూర్చో" అన్న మాటే కేకగా బయటికొస్తుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఏదైనా చెబితే మావయ్యగారు "ఆయ్" అనేవారు. నాకు నవ్వొచ్చేది. మా తునిలో ఆ మాట అంటే పాత నాటకం డైలాగు చెబుతున్నారనుకుంటారు. ఆయ్ అంటే అవును ఒక్కటే కాదని, విన్నాను, మీ మాట కాదనను, ఇంకా చెప్పండి అన్నవన్నీ అందులోనే ఉన్నాయని తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. తెలిసింది గానీ నా నోట ఆ మాట ఎన్నడూ రాలేదు.

మావయ్యగారికి నీటికాసుల వల్ల చూపు పోయింది. మొదట్లో బొత్తాల ఫోను తడుముకుని వాడేవారు. తర్వాత షుగరు వల్ల వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి, ఏ బొత్తం ఏదో తెలియడం మానేసింది. ఆయనకి కావలసింది ఒక్కటే. సాయంత్రం పూట పట్టిసీమలో ఉన్న అక్కగారితో కాసేపు మాట్లాడాలి. తల్లి లేని ఆయన్ని పెంచింది ఆవిడే. ఇంత వయసొచ్చాక ఈ ప్రపంచంలో ఆయన్ని "ఒరేయ్" అనగలిగింది ఆవిడొక్కరే. ఆ "ఒరేయ్" వినకపోతే ఆయనకి అన్నం సయించదు.

ఆవిడే చెయ్యొచ్చు కదా అంటారేమో. ఆవిడకి ఫోను ఎత్తడం వచ్చు, చెయ్యడం రాదు. చేసిపెట్టమని ఇంట్లో కోడల్ని అడగాలి. అడగడానికి మా మావయ్యగారికి ఎంత మొహమాటమో ఆవిడకి అంత పంతం.

అందుకని రోజూ సాయంత్రం, నేను సరిగ్గా పోపు వేసే వేళకి, హాల్లోంచి ఒక గొంతు సవరింపు వినిపించేది. "అమ్మా, మీ చేతిలో పని అయ్యాకే..." అని మొదలయ్యేది. ఆ వాక్యం పూర్తయ్యేలోపు ఆవాలు మాడిపోయేవి. "ఉండండి మావయ్యగారూ!" అని నేను తుని గొంతుతో అరిచేదాన్ని. ఆయన వెంటనే "ఆయ్ ఆయ్, తొందరేం లేదమ్మా" అని ముడుచుకుపోయేవారు. నేను చెయ్యి కడుక్కుని వెళ్ళి ఫోను కలిపిచ్చేసరికి, ఇంకొకరికి పని పెట్టానన్న బాధ ఆయన మొహంలో కనబడుతూనే ఉండేది. మా ఆయన ఇదంతా చూసి, నోటితో చెబితే పని చేసే ఫోనొకటి పట్టుకొచ్చారు. పక్కనున్న ఒక్క బొత్తం నొక్కి పట్టుకుంటే చాలు, 'టుంగ్' మని చప్పుడు చేసి వింటుంది. ఇంక నాన్నగారు ఎవర్నీ అడగక్కర్లేదు అన్నారు. అందరికీ శాంతి అనుకున్నాం.

శాంతి కాదు, తల ప్రాణం తోకకొచ్చింది. ఆ అమ్మాయికి మావయ్యగారి మాటల్లో అసలు పని ఎక్కడుందో దొరికేది కాదు. "పట్టిసీమ" అన్న మాట పట్టుకుని ఎత్తిపోతల పథకం గురించి గుక్క తిప్పుకోకుండా చదివేది. మావయ్యగారు మధ్యలో ఆపడం మర్యాద కాదని చివరిదాకా విని, "చాలా సంతోషమండి, మంచి విషయాలు చెప్పారు. ఇప్పుడు అక్కగారికి కలుపుతారా?" అనేవారు. ఆ అమ్మాయికి "అక్కగారికి" లో ఏం వినబడేదో, పాత కార్లు ఎక్కడెక్కడ అమ్మకానికి ఉన్నాయో చెప్పేది. "మాకు కారెందుకమ్మా, ఎక్కడికెళ్తాం" అని ఈయన సంజాయిషీ ఇచ్చుకునేవారు. ఒకవేళ ఎలాగో అర్థమై, "అక్కగారికి కాల్ చేయమంటారా?" అని అడిగిందనుకోండి, మావయ్యగారు వెలిగిపోతూ "ఆయ్!" అనేవారు.

"క్షమించండి, నాకు అర్థం కాలేదు" అనేది.

నేను స్కూల్లో మొద్దబ్బాయిలకి భాగహారం నేర్పినదాన్ని. ఇది నేను నేర్పుతాను అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మావయ్యగారూ, ఈవిడకి మర్యాద అర్థం కాదు. అండీ గారూ తీసెయ్యండి. తీరిక, వీలు, తొందర, ఏమీ వద్దు. 'అక్కకి ఫోన్ చెయ్' అనండి. అడిగితే 'అవును' అనండి. అంతే."

"చెయ్ అనా?" అన్నారు ఆయన, చెయ్యకూడని పని చెయ్యమన్నట్టు. "ఆవిడేమో చేయమంటారా, క్షమించండి అని అంత మన్ననగా మాట్లాడుతుంటే, నేను చెయ్ అనడం ఏం బాగుంటుందమ్మా?"

నిజమే. ఎంతమంది కలిసి తయారుచేశారో గానీ, ఆ అమ్మాయికి మనతో మర్యాదగా మాట్లాడటం నేర్పారు. మనం మర్యాదగా మాట్లాడితే వినడం నేర్పలేదు. కానీ ఆ న్యాయం తేల్చే ఓపిక నాకు లేదు. "మీకు అక్క కావాలా, మర్యాద కావాలా?" అన్నాను.

అక్కే కావాలన్నారు.

మొదట్లో ఆ మాట గొంతులోంచి బయటికి రాలేదు. "అక్కకి ఫోన్ చె..." దగ్గర ఆగి, "య్యండి" అని తోక కలిపేసేవారు. తర్వాత తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని, చేదుమందు మింగినట్టు "అక్కకి ఫోన్ చెయ్. అవును" అనేసేవారు. వెంటనే ఫోను మోగేది. అవతల నుంచి "ఒరేయ్!" అని వినిపించేది. ఆయన మొహం విప్పారేది. పట్టిసీమలో గోదారి ఎంత వచ్చింది, ఎవరింట్లో శుభలేఖలు పంచుతున్నారు, ఆవిడ మోకాలికి ఏ తైలం రాస్తోంది, అన్నీ అయ్యేసరికి నా వంట అయిపోయేది. పోపు వేళ గొంతు సవరింపు వినబడటం మానేసింది. ఇంట్లో నన్ను పిలిచే గొంతు ఒకటి తగ్గింది. హాయిగానే అనిపించింది, అబద్ధం ఎందుకు.

వానాకాలం వచ్చేసరికి ఆయన ఆ ఫోనులో ఆరితేరిపోయారు. "టైమెంత?" "వార్తలు పెట్టు." "ఆపు." హాల్లోంచి ఆ గొంతు వింటుంటే మా నాన్న గుర్తొచ్చేవాడు. ఒకనాడు పొద్దున్నే నేను వరండాలో కూర్చుని నా ఫోను చూసుకుంటున్నాను. లోపల్నుంచి మాట వినబడింది.

"కాఫీ తీసుకురా."

ఫోనుతో అంటున్నారనుకున్నాను. ఫోను కాఫీ తేలేదు కదా అని ఒక క్షణం తర్వాత తట్టింది.

లేచి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చాను. మా నాన్న జీవితమంతా అలాగే అడిగాడు, నాకేమీ అనిపించలేదు ఏనాడూ. కానీ ఈయన నోట ఆ మాట వింటే ఎక్కడో చివుక్కుమంది. "అమ్మా, మీకు వీలైతే కాస్త కాఫీ..." అని ఆయన సాగదీస్తుంటే పుట్టింటికెళ్ళినప్పుడల్లా అనుకరించి చూపించి, అందర్నీ నవ్వించినదాన్ని నేనే. అది లేకపోతే ఇంత వెలితిగా ఉంటుందని అనుకోలేదు.

ఆయన గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు.

"అమ్మా, ఇందాక నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు మావయ్యగారూ. కాఫీ అడిగారు."

"అడగలేదమ్మా," అన్నారు ఆయన. "తెమ్మన్నాను."

ఆ కాఫీ చల్లారిపోయింది. ఫోను తీసుకెళ్ళి బీరువాలో పెట్టమన్నారు, "పెడతారా అండి" అనే అన్నారు. ఆ సాయంత్రం ఫోను వేళకి అదే కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. నేను కలిపిస్తానన్నా, తెమ్మన్న నోటితో మళ్ళీ మీకు పని చెప్పలేనమ్మా అని వద్దన్నారు. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. నోరు పాడైపోతోందమ్మా, ఉన్న ఒక్క ఆస్తీ అదే అన్నారు. అన్నం సగంలో లేచిపోతున్నారు. నాకు ఆ ఫోను మీదా, దాన్ని తెచ్చిన మా ఆయన మీదా, చెయ్ అని నేర్పిన నా మీదా ఒకేసారి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజు స్కూల్లో అందరికీ ఇంపోజిషను ఇచ్చాను.

చివరికి పట్టిసీమ ఆవిడే పంతం చంపుకుని, కోడలి చేత మా ఆయనకి ఫోను చేయించుకున్నారు. "వాడు అలిగాడా? నేనేమైనా అన్నానా?" అని అడిగారు. ఫోను తండ్రికిస్తే ఆయన "ఏం లేదక్కా" అని మాత్రం అన్నారు. ఆవిడ గొంతు నాకు కూడా వినబడింది. "ఒరేయ్, సాయంత్రమయ్యేసరికి దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నానురా. మోగదేం?" అంది.

ఆ మర్నాడు మా ఆయన ఆఫీసులో ఎవర్నో అడిగి వచ్చి, ఫోను సెట్టింగుల్లోకి దూరారు. మనకి నచ్చిన వాక్యం ఒకటి ముందుగా నేర్పి పెట్టుకోవచ్చట. ఆ వాక్యం వినగానే ఫలానా వాళ్ళకి ఫోను కలపమని చెప్పొచ్చట. ఇన్నాళ్ళూ మావయ్యగారికి దాని భాష నేర్పుతూ కూర్చున్నాం గానీ, దానికి ఈయన భాష నేర్పొచ్చని ఎవరికీ తోచలేదు. బీరువాలోంచి ఫోను తీసి, "మీ వాక్యం చెప్పండి మావయ్యగారూ, మీరెలా అడగాలనుకుంటే అలాగే" అన్నాను.

ఆయన ఒకటి చెప్పారు. చాలా పొడుగైంది. ఇంకోసారి చెప్పమంటే వేరేది చెప్పారు. మూడోసారి అందులోకి వాన వచ్చి చేరింది.

"ఒకటే ఉండాలి మావయ్యగారూ. రోజూ అదే, అక్షరం మారకూడదు."

"రోజూ ఒకే మాటా? మనిషిని బట్టి, పూటని బట్టి ఉంటుంది కదమ్మా మాట."

"ఆవిడ మనిషి కాదు కదండీ."

"అదే కదా పాపం," అన్నారు ఆయన. ఆ ఫోను మీద నిజంగానే జాలిపడ్డారు.

ఆఖరికి "అమ్మా, అక్కగారికి ఒకసారి కలుపుతారా అండి" అన్న దగ్గర రాజీపడ్డారు. తీరికనీ తొందర్లేదునీ వదులుకోవడం ఆయనకి కష్టమైంది. అయినా అండి మిగిలింది. ఆ సాయంత్రం బొత్తం నొక్కి ఆ వాక్యం అన్నారు. అమ్మాయి వెంటనే "అక్కగారికి కాల్ చేయమంటారా?" అంది. మావయ్యగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆయ్!" అన్నారు.

"క్షమించండి, నాకు అర్థం కాలేదు."

వంటింట్లో నా చేతిలో గరిటె ఉంది, మూకుట్లో పోపు ఉంది. "అవును!" అని అక్కడి నుంచే అరిచాను. నా తుని గొంతు హాలు దాటి ఫోనుకి బాగానే అందింది. "సరే, కాల్ చేస్తున్నాను" అంది ఆ అమ్మాయి.

అప్పట్నుంచి మా ఇంట్లో సాయంత్రాలు ఇలా కుదిరాయి. మావయ్యగారు వాక్యం అంటారు. అమ్మాయి అడుగుతుంది. ఈయన ఆయ్ అంటారు. ఆవిడ క్షమాపణ చెబుతుంది. నేను వంటింట్లోంచి అవును అని అరుస్తాను. అవతల ఫోను మోగేలోపు మావయ్యగారు "చెప్పారా అమ్మా? ఏంటి ఆ వాసన, గోంగూరా?" అంటారు. "గోంగూరేనండి" అంటాను. "ఎండుమిర్చి కాస్త ఎక్కువ వేగినట్టుందే" అంటారు. వేగే ఉంటుంది. ఇంతలో "ఒరేయ్" వచ్చేస్తుంది.

అవును అనమని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇదివరకు అన్నారు కదా అని నిలదీశాను కూడా. "నోటికి రావట్లేదమ్మా, అవునంటే తెగ్గొట్టినట్టుంటుంది" అని తప్పించుకునేవారు. సరే, చాదస్తం అనుకుని, నేను అరుస్తూనే ఉన్నాను. మా ఆయన నవ్వి, టెక్నాలజీ పూర్తిగా పనిచెయ్యాలంటే వంటింట్లో ఒక మనిషుండాలన్నమాట అనేవారు. నాకు నవ్వు రాలేదు.

మొన్నామధ్య నాతో పనిచేసే టీచరుగారు పిఠాపురంలో కొత్తింటి గృహప్రవేశమంటే వెళ్ళాల్సి వచ్చింది. మా ఆయనకి ఆ రోజు ఆఫీసులో ఆలస్యం. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది గానీ, పొద్దు వాలేసరికి నాకు నిలవబుద్ధి కాలేదు. అవును అనడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఆయన ఆయ్ అంటూనే ఉంటారు, అది క్షమాపణలు చెబుతూనే ఉంటుంది, పట్టిసీమలో ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తూనే ఉంటుంది. నేనే మావయ్యగారికి ఫోను చేసి, అవును అనమని గుర్తుచేద్దామని చేశాను. బిజీగా ఉంది. మళ్ళీ చేశాను. బిజీగానే ఉంది. ఎవరితో మాట్లాడుతున్నట్టు? వాళ్ళిచ్చిన తాంబూలం సంచీలో పడేసుకుని బస్సెక్కేశాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాను. "మావయ్యగారూ, మీ అక్కగారికి ఫోను కలిసిందా?"

"కలిసిందమ్మా. మోకాలు కాస్త నెమ్మదించిందట. మీరు భోంచేశారా అక్కడ?"

"మరి అవునని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పానమ్మా."

"మీకు నోటికి రాదు కదా?"

"ఒక్క మాటే కదమ్మా, ఎందుకు రాదు" అన్నారు తేలిగ్గా.

నాకు ఒళ్ళు మండింది. "మరి ఇన్నాళ్ళూ ఆయ్ ఆయ్ అంటూ నా చేత ఎందుకు అరిపిస్తున్నారండీ?"

ఆయన నా గొంతు వినబడిన వైపు మొహం తిప్పారు. బట్టల కొట్లో ఖరీదైన చీర వద్దన్న వాళ్ళకి ఎలా చెప్పేవారో అలాగే, మెల్లిగా చెప్పారు. "ఆ అమ్మాయికి అవును చాలమ్మా. ఆయ్ మీ కోసం. నేనది అంటే మీరు లోపల్నుంచి పలుకుతారు. ఏం వండుతున్నారో చెబుతారు. ఇదివరకు ఫోను కలపమని అడిగే వంక ఉండేది. మీరు విసుక్కున్నా వచ్చేవారు, పక్కన నిలబడేవారు. ఈ ఫోనొచ్చాక నాకు ఎవరితోనూ పని లేకుండా పోయింది. పని లేకుండా మిమ్మల్ని పిలిస్తే బాగోదు కదండీ."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. చూపు లేదు కాబట్టి ఆయనకి తెలియదనుకున్నాను గానీ, "పిఠాపురం దుమ్ము కళ్ళల్లో పడిందేమో, మొహం కడుక్కోండమ్మా" అన్నారు.

మర్నాడు సాయంత్రం వంట తొందరగా ముగించి, స్టవ్ కట్టేసి హాల్లోకి వెళ్ళాను. ఆయన అప్పుడే బొత్తం నొక్కారు. ఫోను టుంగ్ మంది. నేను పక్క కుర్చీ లాగిన చప్పుడు విని, అనబోయిన వాక్యం ఆపేశారు.

"పోపు వాసన రావట్లేదేంటమ్మా? పని అయిపోయిందా?"

"అయిపోయిందండి."

"అయితే తీరికుంటేనే, తొందరపెట్టడం కాదు, కాసేపిక్కడ కూర్చుంటారా అండి?"

"ఆయ్" అన్నాను.

అన్నాక నాకే వింతగా అనిపించింది. మావయ్యగారు ఏదో అనబోయేలోపు, ఆయన చేతిలోంచి ఆ అమ్మాయి అందుకుంది. "క్షమించండి, నాకు అర్థం కాలేదు."

"నీతో కాదులే, ఊరుకో" అన్నాను.

"పాపం, అలా కసురుకోకండమ్మా" అన్నారు మావయ్యగారు.